తెల్లమందు ముట్టం

దూలపల్లి తోళ్ల షెడ్డులో మల్లేశం పడిపోయినప్పుడు నేను అతనికి బారెడు దూరంలో ఉన్నాను. ఉప్పులో తెల్లమందు కలుపుతూ, దగ్గీ దగ్గీ, అప్పుడే పేర్చిన మేకతోళ్ల మీదికి ఒరిగిపోయాడు. నోటి వెంట నురగ. సూపర్‌వైజర్ సుధీర్ పరుగెత్తుకొచ్చి అన్న మొదటి మాట ఇది:

"అరే, కిందికెల్లి తోళ్లు గుంజుండ్రి! సరుకు ఖరాబైతది!"

మేం తోళ్లు ముట్టలేదు. మనిషిని లేపాం. భార్య నర్సమ్మ అతని తలను ఒళ్లో పెట్టుకుంది. ఆమె అరచేతులు పగిలి, ఉప్పు తగిలిన చోటల్లా ఎర్రగా ఉన్నాయి. ఆ షెడ్డులో అందరి చేతులూ అంతే.

నగరంలోని కబేళాల నుంచి పచ్చితోళ్లు లారీలో వస్తాయి. ఎండ ముదిరితే పూటలోనే కుళ్లు మొదలై వెంట్రుకలు ఊడతాయి. ఉప్పు పట్టించి వాటిని నిలవ చేయడం మా పని. ఆ ఉప్పునీళ్లు చెరువులో కలుస్తున్నాయని గొడవ లేచాక, యజమాని వెంకటనర్సయ్య ఉప్పు తగ్గించి తెల్లమందు తెచ్చాడు. డబ్బాల మీది కాగితాలు చింపేసి ఉండేవి. పేరు అడిగినవాళ్లను మర్నాడు గేటు లోపలికి రానిచ్చేవాళ్లు కాదు. ఆయనకు భూములున్నాయి, వెంచర్లున్నాయి, పార్టీలో పదవి ఉంది. మాకు ఆయన పటేల్.

మల్లేశం ఏం పీల్చాడో చెప్పమన్నారు మేడ్చల్ ఆస్పత్రి డాక్టర్లు. మాకేం తెలుసు? తెలిసినవాడు షెడ్డు కెమిస్టు ఫణిభూషణ్ ఒక్కడే. కోస్తా నుంచి వచ్చి గుండ్లపోచంపల్లిలో కొత్త కాలనీలో ఉంటున్నాడు. నర్సమ్మ, నేను, తోటి కూలీ రమేష్ ఆయన ఇంటికి వెళ్లాం.

"సారూ, గా మందు పేరేంది?"

ఆయన వీధి అటూ ఇటూ చూశాడు. "నన్ను అడక్కండమ్మా. నా ఉద్యోగం పోద్ది."

"నా పెనిమిటి పానం పోతాంది సారూ."

ఆయన తల దించుకుని, గొంతు తగ్గించి పేరు చెప్పాడు. తర్వాత ఆగలేకపోయాడు. "అసలా మందు అక్కర్లేదమ్మా. వేపాకు, కానుగాకు ఎండబెట్టి, పొడి కొట్టి, కాస్త ఉప్పుతో పట్టిస్తే తోలు చెడదు. నేనే చేసి చూశాను. కొనేవాళ్లు వచ్చిన రోజు వాళ్లకు చూపించేది ఆ ఆకుపొడే. వాళ్లు వెళ్లగానే డబ్బా తీయిస్తారు."

"మరి రోజూ ఆకుతోని చెయ్యనీకి ఏమైతది?"

"ఆకు కోయాలి, ఎండబెట్టాలి, పొడి కొట్టాలి. ఇంకా మనుషుల్ని పెట్టుకోవాలి."

రమేష్ కాండ్రించి ఉమ్మేశాడు. "బతకనీకి మనుషులను పెట్టుకోడు. సావనీకైతే పెట్టుకుంటడు."

పేరు తీసుకుని ఆస్పత్రికి పరుగెత్తాం. అప్పటికే మల్లేశం ముఖం మీద దుప్పటి కప్పారు.

పాతిపెట్టి వచ్చాక షెడ్డు వెనక ప్లాట్ల హద్దురాళ్ల మధ్య కూర్చున్నాం. అందరిలో చిన్నది అశ్రిత ఏడుస్తూ అడిగింది. "కొట్లాడితే షెడ్డు మూస్తడు. కాలనీలోళ్లు వాసనొస్తాందని ముందుగాలనే మూయమంటుండ్రు. మనమెటు పోవాలె?"

"మూస్తే ఊకుంటమా?" అన్నాడు రమేష్.

"ఊకోక ఏం జేస్తవ్? పటేల్ మనిషి పోలీసుల్ల లేడా?" అంది అశ్రిత.

మాటకు మాట పెరిగింది. చివరికి నర్సమ్మ లేచింది. ఆమె కళ్లలో తడి లేదు. ఆ చూపు చూస్తే నాకు భయమేసింది.

"షెడ్డు మూయమంటలేను. తోలు పని మనది. తెల్లమందు ముట్టం. ఆకుతోనే జేస్తం. ఇగ గంతే."

మర్నాడు ఎండెక్కే వేళకు లారీ వచ్చింది. తోళ్లు దించాం. డబ్బాల వైపు ఎవరూ పోలేదు. కొనేవాళ్లకు చూపించేందుకు దాచిన ఆకుపొడి సంచులు విప్పి, ఉప్పులో కలిపి, తోలుకు తోలు పరిచి రుద్దసాగాం. పటేల్ కారు దిగి అరిచాడు.

"ఎవడు జెప్పిండే మీకు? సరుకు నాశనం జేస్తుండ్రు!"

"నువ్వు కొనేటోళ్లకు చూపెట్టే ఆకే పటేలా," అంది నర్సమ్మ చేయి ఆపకుండా. "మా తోళ్లు కుళ్లినప్పుడు నీకు నాశనం గుర్తుకు రాలే?"

పోలీసులు వచ్చారు. సరుకు పాడుచేశామని కేసట! నర్సమ్మను, రమేష్‌ను జబ్బ పట్టి లాగారు. అప్పుడు ఆఫీసు గదిలోంచి ఫణిభూషణ్ వచ్చాడు. ఆయన గొంతు షెడ్డంతా వినిపించింది.

"ఎస్సై గారూ, పాడవుతున్నది తోళ్లు కాదండీ! మల్లేశాన్ని చంపింది ఆ డబ్బాల్లోని విషం," అని మందు పేరు మూడు మార్లు చెప్పాడు.

ఆయన్నీ వ్యాన్‌లోకి తోశారు. ఆకుపొడి సంచులు కూడా పట్టుకుపోయారు. మిగిలిన మేం గేటుకు అడ్డంగా కూర్చున్నాం.

సగం లోడు అలాగే పడి ఉంది. ఈగలు ముసిరాయి. వాసన మొదలైంది. పటేల్ సుధీర్ వైపు తిరిగాడు. "నువ్వు కలుపురా."

సుధీర్ డబ్బా మూత తీశాడు. ఘాటుకు వెనక్కి తగ్గాడు. "పటేలా, మూతికి కట్టుకోను గుడ్డనన్న ఇయ్యుండ్రి."

"మల్లేశంగాడు ఎన్నడన్న గుడ్డ అడిగిండారా? జల్దీ కలుపు!"

సుధీర్ పార కింద పడేసి మా దగ్గరికి వచ్చాడు. అతనికి చోటివ్వాలని ఎవరికీ లేదు. చాలాసేపటికి అశ్రిత కొంచెం పక్కకు జరిగింది. అతను నేల మీద కూర్చుని చేతులు ఒళ్లో పెట్టుకున్నాడు.

రోడ్డు మలుపులో రెండో పోలీసు వ్యాన్ కనిపించింది. దాని వెనకే మరో లారీ తోళ్లు.

మేం ఒకరి చేయి ఒకరం పట్టుకున్నాం. లేవలేదు.