ఎనిమిది జేబుల గుడ్డ

వీధిలో ఆయన్ని అందరూ హెడ్డు మేస్త్రి అంటారు. పదిమంది మీద పెత్తనం ఉండి కాదు, ఇంజన్ హెడ్డు, అదే ఇంజన్ పైమూత, విప్పడంలో ఆయన్ని మించినవాడు లేక. ఇంట్లో హెడ్డు ఎవరని అడిగితే మాత్రం, "విప్పే హెడ్డు నేను, ఒప్పే హెడ్డు ఆవిడ. ఆవిడ ఒప్పుకోనిదే ఏ ఇంజనూ ఈ గడప దాటదు" అనేవాడు.

అది వేళాకోళం కాదు. ఇంటి వెనక రేకుల గదిలో పాతికేళ్ళుగా ఇంజన్లు విప్పింది ఆయనైతే, వాల్వులు నూరింది ఆయన భార్య. వాల్వంటే పుట్టగొడుగు ఆకారంలో ఉండే ఇనుప ముక్క. అది కూర్చునే గుంటే సీటు, దేని సీటు దానికి హెడ్డులోనే ఉంటుంది. మూసుకున్నప్పుడు రెండూ వెంట్రుకంత సందు కూడా లేకుండా కలవాలి. అందుకని మధ్యలో గరుకు పేస్టు రాసి, రబ్బరు గిన్నె తగిలించిన కర్రతో వాల్వును పట్టి, ఆ కర్రను రెండు అరచేతుల మధ్య అటూ ఇటూ తిప్పాలి. తిప్పగా తిప్పగా వాల్వూ సీటూ ఒకదాన్నొకటి అరగదీసుకుని, చివరికి రెండింటి మీదా సన్నటి బూడిదరంగు ఉంగరం తేలుతుంది.

"అచ్చం మన కాపురమే" అనేవాడు మేస్త్రి.

"కాకపోతే మన దాంట్లో గరుకు ఒక్కరే" అనేది ఆవిడ, తలెత్తకుండా.

ఎన్ని మాటలన్నా ఆవిడ ఎన్నడూ పళ్ళు నూరలేదు, వాల్వులే నూరింది. ఆవిడ చేతిలో ఇనుము కూడా అరిగేది గాని, ఆయన జోకులు మాత్రం ఎవరికీ అరిగేవి కావు. "కాసేపు నోరు మూస్తారా? పేస్టు ఏదో చెబుతోంది, విననివ్వండి" అనేది. పేస్టు మొదట గరగరమంటుంది, తర్వాత సరసరమంటుంది, ఆ తర్వాత ఒక్క క్షణం ఏమీ అనదు. సరిగ్గా ఆ క్షణంలో "చాలూ" అని తనకు తనే చెప్పుకుని కర్ర ఎత్తేసేది. ఇంకాస్త తిప్పితే ఉంగరం వెడల్పై పని చెడిపోతుంది. మేస్త్రికి ఆ క్షణం ఏనాడూ చిక్కలేదు. మాటైనా చెయ్యైనా, ఆయనకి ఆపడం రాదు.

బాగుకొచ్చిన నర్సమ్మగారి కారు హెడ్డు మీద అలా నూరుతూ నూరుతూ ఉండగానే మేస్త్రి భార్యకి నూరేళ్ళూ నిండిపోయాయి. అసలు వయసు యాభై రెండు. ఎనిమిది వాల్వుల్లో ఆరు అయ్యాయి. ఏడోదాని కోసం పేస్టు డబ్బా మూత తీసి, "గుండెల్లో ఏదో పట్టేసినట్టుందండీ" అంటూ స్టూలు మీంచి లేచి గోడ పట్టుకుంది. మేస్త్రి అప్పుడు కూడా ఏదో జోకు మధ్యలో ఉన్నాడు. ఆ జోకు ఏమిటో ఆయనకి ఇప్పుడు ఎంత తలుచుకున్నా గుర్తు రాదు. దాన్ని పూర్తి చేశాకే తల తిప్పి చూశాడన్నది మాత్రం మరుపు రాదు.

నలభై రోజులు ఆ గదిలో అడుగు పెట్టలేదు. కారు గలవారందరూ ఓపిక గలవారు కారు గాని, నర్సమ్మ మాత్రం "నాకు బస్సు ఉంది, మీకు తోచినప్పుడే చెయ్యండి" అని వెళ్ళిపోయింది. నలభై ఒకటో రోజు ఆదివారం. పొద్దున్నే మొహం కడుక్కుంటూ మేస్త్రి ఒక నిర్ణయానికి వచ్చాడు. మిగిలిన రెండూ ఎలాగో తనే నూరాలి. ఆవిడ నూరిన ఆరింటినీ ఉన్నవి ఉన్నట్టు బిగించాలి. ఆ ఇంజను తిరిగినన్నాళ్ళూ ఆవిడ చేతిపని రోడ్డు మీద తిరుగుతూనే ఉంటుంది. ఈ లోకంలో ఆయనకి ఇంక కావలసింది అదొక్కటే.

సరిగ్గా అప్పుడే బావమరిది వచ్చాడు. ఆవిడకి ఒక్కగానొక్క తమ్ముడు, పక్క వీధిలో దర్జీ. అక్క పోయిన దగ్గర్నుంచి రోజూ వచ్చి ఇల్లు ఊడ్చి, గిన్నెలు కడిగి, బావ చేత రెండు ముద్దలు తినిపించి వెళ్తున్నాడు. ఈసారి చేతిలో మడత నలగని గుడ్డ ఒకటి ఉంది.

"చూడు బావా! మూడు నీళ్ళు మార్చి ఉతికి, ఇస్త్రీ చేశాను. నేను కుట్టిచ్చిన రోజు కూడా ఇంత తెల్లగా లేదు."

మేస్త్రి దాన్ని తడిమి చూశాడు. అది వాల్వులు పెట్టుకునే గుడ్డ. పొడుగాటి దళసరి పట్టీ మీద ఎనిమిది జేబులు, జేబు జేబుకీ ఎర్ర దారంతో కుట్టిన అంకె, చిన్న వాల్వులకి ఒకటి నుంచి నాలుగు, పెద్దవాటికి ఐదు నుంచి ఎనిమిది. ఏ సీటులోంచి తీసిన వాల్వు ఆ అంకె జేబులో ఉండాలి. ఒక సీటుతో కలిపి నూరిన వాల్వు మళ్ళీ ఆ సీటులోనే కూర్చోవాలి.

"ఇందులో వాల్వులు ఉండాలి కదరా?"

"భద్రంగా ఉన్నాయి. అన్నీ కిరసనాయిల్లో కడిగి డబ్బాలో పోశాను. లెక్క పెట్టుకో, ఎనిమిదికి ఎనిమిది."

"ఏది ఏ జేబులోది?"

"ఏ జేబులోదేంటి? జేబులెనిమిది, వాల్వులెనిమిది."

"చొక్కా గుండీలనుకున్నావురా, ఏది ఎక్కడ కుట్టినా సరిపోడానికి? ఎవరి సీట్లో ఎవరైనా కూర్చోడానికి ఇది నర్సమ్మ బస్సా? దర్జాగా ఇస్త్రీ చేసి తెచ్చావు కదరా దర్జీ మహానుభావా!"

బావమరిదికి మెల్లగా అర్థమైంది. "నల్లగా మురికి పట్టి పడుంటే చూడలేకపోయాను బావా. అక్కది కదా అని... అయితే అక్క చేసిందంతా పోయినట్టేనా?"

ఆ మొహం చూశాక మేస్త్రి నోట్లో ఉన్న రెండో తిట్టు వెనక్కి వెళ్ళిపోయింది. "ఇంకా పోలేదు. రా, వెతుకుదాం."

హెడ్డు బల్ల మీద బోర్లా పడి ఉంది. ఉంగరం తేలని వాల్వులు రెండు, అవి ఆవిడ చెయ్యి పడనివి, చివరి జతవి. వాటిని పక్కన పెడితే మిగిలినవి ఆరు. గాలి పీల్చే పెద్దవి మూడు, పొగ వదిలే చిన్నవి మూడు. వాల్వుల్ని సీట్లలో కూర్చోబెట్టి, పైన గిన్నెలా ఉన్న గుంటలో కిరసనాయిలు పోయాలి. జత కుదిరితే చుక్క దిగదు. కుదరకపోతే కింది దారిలో తడి కనిపిస్తుంది. బావమరిది పరుగెత్తుకెళ్ళి తెల్లటి కత్తిరింపు ముక్కలు తెచ్చి, ఆ దారుల్లో ఒక్కొక్కటీ కుక్కాడు. "తడి తగిలితే నా గుడ్డ దాచుకోదు బావా."

మేస్త్రి ముప్ఫై ఏళ్ళ అనుభవంలో ఆ ఉపాయం ఎవరికీ తట్టలేదు. ఇద్దరూ పోయడం, కూర్చోవడం, గుడ్డ లాగి చూడటం, మార్చడం. మధ్యాహ్నానికి పెద్దవి మూడూ తమ సీట్లు దొరకబుచ్చుకున్నాయి. చిన్నవాటిలో మొదటిదీ కుదిరింది. బావమరిది కళ్ళు తుడుచుకుని నవ్వాడు.

మిగిలినవి రెండో నంబరు, మూడో నంబరు సీట్లవి. ఒక రకంగా పెట్టి అరగంట ఆగారు. గుడ్డలు పొడిగా ఉన్నాయి. తారుమారు చేసి, టీ తాగి వచ్చి చూశారు. అప్పుడూ పొడిగానే ఉన్నాయి.

"ఎలా పెట్టినా ఆగుతోంది!" బావమరిది ఎగిరి గంతేశాడు. "అదీ మా అక్క పనంటే! ఇంకేం ఆలోచిస్తున్నావు, బిగించెయ్."

మేస్త్రి మాట్లాడలేదు. మేస్త్రి మాట్లాడకపోవడం బావమరిది ఈ నలభై రోజుల్లో కూడా చూడలేదు.

"ఈ గుడ్డ మీ అక్క నిన్నెందుకు కుట్టమందో తెలుసా?"

"తెలియకేం. మీ బావకి మతిమరుపు, ఏది ఎక్కడ పెట్టాడో మర్చిపోతాడు అంది."

"అలా చెప్పిందా?" మేస్త్రి స్టూలు మీద కూలబడ్డాడు. "పెళ్ళైన కొత్తలో రెండు వాల్వులు నా చేతిలోంచి జారి కలిసిపోయాయి. ఇలాగే కిరసనాయిలు పోశాను, ఇలాగే ఆగింది. ఆవిడకి చెప్పకుండా బిగించేశాను. రెండు నెలలకి ఆ కారు తిరిగొచ్చింది, వాల్వు అంచు కాలిపోయి. చల్లగా ఉన్నప్పుడు ఆగింది వేడెక్కాక ఆగాలని లేదురా. మీ అక్క దాన్ని చూసింది, నన్ను చూసింది. ఒక్క మాటనలేదు. కూర్చుని మళ్ళీ మొదట్నుంచీ నూరింది. లేచేటప్పుడు మాత్రం, అనుమానం ఉంటే మళ్ళీ నూరాలండీ అంది. మర్నాడు నీ దగ్గరకొచ్చింది. నా తప్పు నీ దాకా రాకుండా మతిమరుపు అని చెప్పింది."

బావమరిది ఆ రెండు వాల్వులకీ చెయ్యి అడ్డం పెట్టాడు. "వద్దు బావా. నూరితే అక్క ఉంగరం చెరిగిపోతుంది. మనిద్దరికి తప్ప ఎవరికీ తెలీదు."

"ఆవిడ ఒప్పుకోని హెడ్డు ఈ గడప దాటదురా" అన్నాడు మేస్త్రి. పాతికేళ్ళు నవ్విస్తూ అన్న మాటే అది. ఇవాళ ఎవరూ నవ్వలేదు.

పేస్టు డబ్బాకి ఆ రోజు తీసిన మూత ఇంకా తీసే ఉంది. పైన తోలు కట్టింది. వేలితో తోలు తీస్తే అడుగున మెత్తగా ఉంది. మేస్త్రి రెండో నంబరు సీటులో ఒక వాల్వు పెట్టి, తీసి, ఆ బూడిదరంగు ఉంగరాన్ని వెలుతురులో ఒకసారి గుండ్రంగా తిప్పి చూశాడు. గీత గీసినట్టు ఉంది. దాని మీదే పేస్టు రాశాడు.

కర్ర తిరగడం మొదలైంది. గరగర. గరగర. ఆవిడ ఉంగరం ఆ చప్పుడు కింద ఎక్కడో కరిగిపోతోంది. నాలిక చివర ఏదో చమత్కారం అలవాటుగా లేచి వచ్చింది గాని, మేస్త్రి పెదవులు బిగించి దాన్ని మింగేశాడు. మొట్టమొదటిసారి పేస్టు చెప్పేది వినాలని చూశాడు. గరగర సరసర అయింది. ఇప్పుడా? ఇంకానా? చెవుల్లో తన గుండె చప్పుడు తప్ప ఏమీ తెలియలేదు. చేతులు తిరుగుతూనే ఉన్నాయి.

"చాలూ."

వెనకనుంచి వచ్చింది. అదే సాగదీత, చివర అదే చిన్న విరుపు. గుడ్డలో కత్తెర పోయే చప్పుడు విని విని పదునెక్కిన చెవి, అక్కతో ఒకే ఇంట్లో మాటలు నేర్చిన గొంతు. మేస్త్రి చేతులు ఉన్నచోటే ఆగిపోయాయి. ఆయన వెనక్కి తిరగలేదు. తిరిగితే అక్కడ బావమరిదే ఉంటాడని ఆయనకి తెలుసు.

వాల్వు ఎత్తి తుడిచాడు. ఉంగరం సన్నగా, చెక్కుచెదరకుండా తేలింది. ఆవిడది కాదు.

దాన్ని రెండో అంకె జేబులో పెట్టాడు. ఇస్త్రీ చేసిన గుడ్డ మీద నల్లటి మరక పడింది. బావమరిది తుడవబోయి, చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.