నీడ ఉన్న పోస్టు

పొద్దున ఎనిమిదింటి బస్సెక్కి, తొమ్మిదిన్నరకి ఆఫీసు చేరి, చెప్పులు బల్ల కిందకి తోసేసి ముసాయిదాగారు రాయడం మొదలుపెడతాడు. అసలు పేరు ఆఫీసులో ఎవరికీ గుర్తులేదు. టీచర్ల మీద ఏ రూలు రావాలన్నా మొదటి చిత్తుప్రతి ఆయన చేతిమీదుగానే రావాలి, అందుకని ఆ పేరు అతుక్కుపోయింది. ఇరవై రెండేళ్లుగా అదే కుర్చీ, అదే కిటికీ, మారిన పెన్నులు మాత్రం ఎన్నో.

ఆయనకి నీడ లేదు. అందులో వింతేం లేదు లెండి. ఉద్యోగం మధ్యలో వదిలేసిన టీచర్ల నీడ ఆ క్లాసులోనే ఉండిపోతుంది, ఎవరికైనా అంతే. బస్టాపులో ఎండకి నిలబడితే పక్కవాళ్లు ఓసారి కిందకి చూసి, "ఏ సబ్జెక్టండీ?" అని అడుగుతారు. "లెక్కలు. ఏడు నెలలే," అంటాడాయన. బస్సు వస్తుంది, మాట అక్కడితో అయిపోతుంది.

ఆ ఏడాది ఆయన కూతురు కూడా టీచరయింది. ఎన్ని బళ్లు లేవు, పోస్టింగు పోయి పోయి ఆయన పాత బడికే పడింది. నాలుగు నెలలు గడిచాయి. బుధవారం సాయంత్రం ఆ పిల్ల వచ్చి వరండాలో కూలబడితే, వాళ్లమ్మ మంచినీళ్లు ఇవ్వబోయి ఆగిపోయింది.

"ఏవండీ, దీని మడమల దగ్గర చూడండి. అతుకు వదులుతోంది."

నిజమే. పిల్ల కాలు కదిపితే నీడ ఒక క్షణం ఆలస్యంగా కదులుతోంది. కాయితం రాసిచ్చేస్తే ఇక పూర్తిగా ఊడి అక్కడే ఉండిపోతుంది.

"సోమవారం రాజీనామా ఇచ్చేస్తున్నాను నాన్నా," అంది.

"నాలుగు నెలలే కదమ్మా అయింది."

"నీకు ఏడు నెలలు పట్టింది. నేను నీకంటే తెలివైనదాన్ని, ముందే అర్థమైపోయింది." నవ్వబోయింది గానీ రాలేదు. "యాభై ఎనిమిది మంది నాన్నా. ట్రైనింగులో నాచేత నలభై పాఠాలకి ప్లాన్లు రాయించారు, రంగురంగుల చార్టులు గీయించారు. ఒకడు బల్లెక్కి కూర్చుని దిగనంటే ఏం చెయ్యాలో ఎవరూ చెప్పలేదు. ఈ నాలుగు నెలల్లో నా క్లాసులోకి వచ్చిన పెద్దమనిషి ఎవరో తెలుసా? సున్నం వేసేవాడు. అతను కూడా గోడ చూసి వెళ్లిపోయాడు."

ముసాయిదా కాలు కాలిన పిల్లిలా వరండాలో తిరిగాడు. ఎందుకంటే సరిగ్గా ఆ బాధకి మందు ఆయన సంచీలోనే ఉంది. కొత్త రూళ్ల చిత్తుప్రతిలో ఆరో క్లాజు: మొదటి రెండేళ్లు కొత్త టీచర్ని ఒంటరిగా వదలకూడదు, అనుభవం ఉన్న టీచరు వారానికి మూడు పీరియడ్లు వెనక బెంచీలో కూర్చుని, తర్వాత కలిసి మాట్లాడుకోవాలి. దాన్ని ఆయన పై అధికారి పెద్దమేడం మూడుసార్లు ఎర్రసిరాతో కొట్టేసింది. "ఖాళీలే లేవు. ఉన్న మనుషులు సరిపోతారు," అని పక్కన రాసింది. శుక్రవారం ఫైలు మూసేస్తారు.

మేడం తప్పేం లేదు. టీచర్ పోస్టుల పట్టికలో నిజంగానే ఖాళీలు లేవు. ఆ పట్టిక చేసింది మన ముసాయిదానే. ఆఫీసులో చేరిన మొదటి నెల, నీడలకి ఏ గడీ లేకపోతే, లెక్క కుదరాలని వాటిని 'ఉన్నవారు' గడిలో పడేసి కింద ఒక ముక్క రాశాడు: నీడ ఉన్న పోస్టు భర్తీ అయినట్టే. తన నీడ అక్కడ ఊరికే పడి ఉందంటే ఒప్పుకోలేక రాసిన ముక్క అది. ఆ ముక్కని ఇరవై రెండేళ్లుగా ఏటా కాపీ కొడుతూనే ఉన్నారు.

గురువారం ఆయన ఆఫీసు బస్సు వదిలేసి బడి బస్సెక్కాడు, ఆ బడి పట్టిక ఉన్న ఫారం చేత్తో పట్టుకుని.

వరండాలో పెద్దక్క ఎదురైంది. అప్పట్లో పక్క క్లాసు చెప్పిన టీచరే, ఇప్పుడు జుట్టు సగం నెరిసింది. రెండు గదుల మధ్య గుమ్మంలో నిలబడి, ఒక చెవి ఇటూ ఒక చెవి అటూ వేసి పాఠం చెబుతోంది.

"వచ్చారా? ఇరవై రెండేళ్లు పట్టిందే దారి కనుక్కోడానికి," అంది. "ఇటు నా ఆరో తరగతి, అటు మీ నీడగారి ఏడో తరగతి. రెండూ నా నెత్తినే. మీ అమ్మాయి క్లాసు అదిగో, ఆ గోడ అవతలే. పాపం, దాని గొంతు పోవడం వినిపిస్తూనే ఉంటుంది. వెళ్లి ఒక్క గంట కూర్చుందామంటే ఈ పిల్లల్ని ఎవరి మొహాన పడేసి వెళ్లను?"

ముసాయిదా ఏడో తరగతిలోకి తొంగిచూశాడు. నీడ బోర్డు ముందు నిలబడి ఉంది. భిన్నాల పాఠం. పిల్లల వైపు తిరగదు. కాసేపటికి వేళ్లలోంచి సుద్దముక్క నీడ జారిపడింది. మొదటి బెంచీ పిల్ల లేచి, నేల మీద వంగి, తీసినట్టు తీసి బల్ల మీద పెట్టి కూర్చుంది. ఏ ఏడాది మొదటి బెంచీలో ఎవరు కూర్చున్నా ఆ పని వాళ్లదేనట. నీడకి కొత్త పాఠం రాదు. ఆయన చివరి రోజు ఏం చేశాడో అదే చేస్తుంది. ఇన్నేళ్లుగా పిల్లలు చూస్తున్నది ఒక భయపడ్డ మనిషి వీపుని. ఆయనకి చచ్చేంత సిగ్గేసింది.

చెప్పులు విప్పి లోపలికి వెళ్లి నీడ పాదాల మీద తన పాదాలు పెట్టాడు. మడమల దగ్గర చురుక్కుమని నీడ అతుక్కుంది.

"మా సార్‌ని తీసుకెళ్లిపోతున్నారా?" అని అడిగింది మొదటి బెంచీ పిల్ల.

ఆయన ఫారం తీసి, 'ఉన్నవారు' గడిలో ఒకటి కొట్టేసి, 'ఖాళీ' గడిలో ఒకటి వేశాడు.

శుక్రవారం పెద్దమేడం గదిలో ఎప్పటిలాగే కర్టెన్లు వేసి ఉన్నాయి. ఆవిడకి వెలుతురు పడదని అందరూ అనుకుంటారు. ఫారం చూసి ఆవిడ విసుక్కుంది.

"ఒక్క ఖాళీ కోసం రూలు మార్చమంటారేమిటండీ?"

"ఒక్కటి కాదు మేడం. ఎన్నో తెలియకుండా చేసింది నేనే. పట్టిక కింద ఆ ముక్క నాది." ఫారం ఆవిడ ముందుకి జరిపాడు. "అక్షరాలు సరిగ్గా కనపడట్లేదు, కొంచెం వెలుతురు రానివ్వండి."

అడిగాడే గానీ ఒప్పుకునేదాకా ఆగకుండా కర్టెన్ లాగేశాడు. ఆయన నీడ బల్ల మీద అడ్డంగా పడింది. మేడం వెనక గోడ మాత్రం ఖాళీగా ఉంది.

మేడం తల తిప్పి ఆ గోడ వంక చూసింది.

"సైన్సు," అంది మేడం, మెల్లగా. "రెండేళ్లు. ఒక్కరు, ఒక్కరోజు వచ్చి కూర్చుని ఉంటే..." తర్వాత పెన్ను మూత తీసింది. "అతికేటప్పుడు నొప్పి పుడుతుందా?"

"మడమల దగ్గర మేడం. కాసేపే."

ఆవిడ ఆరో క్లాజు మీది ఎర్రసిరా గీత పక్కన 'ఉంచవలెను' అని రాసింది. పట్టిక కింది ముక్కని కొట్టేసింది. సంతకం పెట్టబోతూ తలెత్తింది.

"మరి ఆ ఏడో తరగతి పిల్లల సంగతి? ఖాళీ చేసింది మీరేగా. అక్కడ ఎవరూ లేకపోతే మీరు చెప్పిన ఆ పెద్దక్క మీ అమ్మాయి క్లాసు వెనక బెంచీలో ఎలా కూర్చుంటుంది?"

రాత్రంతా ఆయన్ని తిప్పలుపెట్టిన ప్రశ్న అదే. దానికి జవాబు కూడా తెలుసు. చెప్పడానికే భయం.

"నన్ను పంపండి మేడం," అన్నాడు.

సోమవారం కూతురు బ్యాగులో రాజీనామా కాయితం పెట్టుకునే బడికి వెళ్లింది. నాన్న కూడా అదే బస్సులో వెనకే వచ్చాడు. క్లాసులోకి అడుగుపెడితే వెనక బెంచీలో పెద్దక్క కూర్చుని కళ్లజోడు తుడుచుకుంటోంది.

"నువ్వు కానీ అమ్మా, నా పిల్లలు ఆటలకి వెళ్లారు, నేనిక్కడే ఉంటా," అంది. "ఆ బల్లెక్కేవాడు ఉన్నాడే, వాడికి అక్షరాలు కనపడవు. ముందుకి కూర్చోబెట్టు, వాడే దిగుతాడు."

వాడు దిగాడు. రెండో పీరియడు మధ్యలో గోడ అవతల నుంచి భిన్నాలు చెబుతున్న గొంతు వినిపించింది, వణుకుతూ, ఆగుతూ. ఠక్కున ఏదో కిందపడింది. అక్కడ మొదటి బెంచీ పిల్ల అలవాటుకొద్దీ లేచి, సుద్దముక్క తీసి బల్ల మీద పెట్టబోయి, ఎదురుగా చాచి ఉన్న చేతిని చూసి ఆ చేతికే ఇచ్చింది.

"థాంక్సమ్మా," అంది ఆ గొంతు, పిల్లల వైపు తిరిగి. "మళ్లీ మొదట్నించి చెప్పనా?"

"చెప్పండి సార్," అన్నారు నలభై మంది.

గోడ ఇవతల కూతురు పకపకా నవ్వేసింది. పిల్లలు ఎందుకో తెలియకుండానే నవ్వారు. తరగతి అయ్యాక పెద్దక్క ఒక్కొక్కరి సంగతీ చెబుతుంటే రాసుకోవడానికి చేతికి వేరే కాయితం దొరకలేదు. బ్యాగులో ఉన్న ఆ ఒక్క రాజీనామా కాయితమే తీసి, వెనక్కి తిప్పి, ఎవరు ఎక్కడ కూర్చోవాలో గీసుకుంది. కిటికీలోంచి ఎండ పడుతోంది. ఆమె లేచి బోర్డు తుడవడానికి వెళ్తే నీడ ఆలస్యం చెయ్యకుండా కూడానే వెళ్లింది.