నా పేరు మీద నూలు కార్డు

మా ఆయన కుడికాలు మోకాలి కిందికి తీసేసి ఆస్పత్రి నుంచి పంపించేనాటికి రెండో యుద్ధం ఇంకా అయిపోలేదు. నూలు కోసం బెజవాడ వెళ్ళి తిరిగొస్తుంటే తాడేపల్లి దగ్గర బండి బురదలో దిగబడింది. తనూ దిగి చక్రానికి భుజం పెట్టాడు. ఎడ్లు ఒక్కసారిగా లాగాయి, చక్రం పాదం మీంచి పోయింది. వారం రోజులు ఆకు పసర్లు పోసి ఇంట్లోనే చూసుకున్నాం. పాదం నల్లబడ్డాక బెజవాడ తీసుకెళ్తే, కాలు తియ్యకపోతే మనిషి దక్కడన్నారు.

నేను ఏడ్చాను, మా అత్తగారు రాఘవమ్మ ఏడ్చింది. ఆయన మాత్రం ఇంటికొచ్చిన మూడోరోజు పొద్దున్నే మగ్గం దగ్గర చతికిలబడి గుంటలోకి తొంగి చూస్తూ కూచున్నాడు. మా మంగళగిరిలో అన్నీ గుంట మగ్గాలే. నేసేవాడు గట్టు మీద కూచుని కాళ్ళు గుంటలోకి వదిలి, కింద ఉన్న రెండు చెక్కల్ని మార్చి మార్చి తొక్కాలి. తొక్కినప్పుడల్లా పడుగు దారాలు రెండుగా విడతాయి, మధ్యలోంచి పేక దారం పట్టుకుని నాడె పోతుంది. చాలాసేపు చూసి, కర్ర చెక్కే బాడిస ఇవ్వమన్నాడు.

పది రోజులు పట్టింది. కుడివైపు చెక్కకి నిలువుగా ఓ టేకు కర్ర బిగించి, దాని కొసని గిన్నెలా తొలిచి, అందులో నా పాత చీర పేలికలు కుక్కాడు. మోకాలి కింద మిగిలిన జానెడు కాలు ఆ గిన్నెలో పెట్టి నొక్కితే చెక్క దిగేది. మొదట్లో గాయం రేగింది. నేను తిట్టాను. పేలికలు మార్చి మళ్ళీ కూచున్నాడు. కర్ర పొడుగైందని కోశాడు, పొట్టిదైందని ఇంకోటి చెక్కాడు. మూడో కర్రతో మగ్గం చప్పుడు దారిలో పడింది. వంటింట్లో కూర తరుగుతున్న దాన్ని ఆ చప్పుడు విని చెయ్యి ఆపాను. మగ్గం మీద మిగిలిపోయిన పాత పడుగు రెండు మూరలు నేసి, పేక అయిపోతే ఆపాడు.

ఇక నూలు కావాలి. అప్పుడు నూలుకి కంట్రోలు. నడిచే మగ్గానికి ఒక కార్డు చొప్పున మా నేత సంఘం వాళ్ళు రాసిచ్చేవాళ్ళు, ఆ కార్డు చూపిస్తేనే నూలు. ఆస్పత్రిలో ఉన్నన్నాళ్ళూ మగ్గం ఆగిపోయింది కనక మా కార్డు కొట్టేశారు. అది సబబే అనుకున్నాం. ఇప్పుడు నడుస్తోంది కదా, మళ్ళీ ఇవ్వమని అర్జీ పట్టుకుని ఇద్దరం వెళ్ళాం.

సంఘం సెక్రటరీ వెంకటసుబ్బారావుగారు చెడ్డవాడు కాదు. అయ్యుంటే దెబ్బలాడి తేల్చుకునేవాళ్ళం. మా ఆయన్ని చూడగానే లేచి తన కుర్చీ వేసి కూచోబెట్టాడు. మంచినీళ్ళు తెప్పించాడు. దేవుడు ఎంత అన్యాయం చేశాడని నాతో అన్నాడు. అర్జీ చదివి మడతపెట్టి, కొన్నాళ్ళు ఒంటికి విశ్రాంతి ఇవ్వమన్నాడు. మగ్గం నడుస్తోందండీ అని చెప్పాం. నడిపేదెవరమ్మా అని అడిగాడు. నన్ను. మా ఆయన ఎదురుగా కుర్చీలోనే ఉన్నాడు.

రూలు ప్రకారం నెయ్యగలవాడికే కార్డు ఇవ్వాలట. లేకపోతే నూలు బ్లాకులో అమ్ముకుంటారని పైవాళ్ళ అనుమానమట. మీరు అమ్ముకుంటారని నేననడం లేదు, రూలు అంటోంది అన్నాడు. నెయ్యగలడని డాక్టరు దగ్గర రాయించుకు రమ్మన్నాడు.

రైలెక్కి బెజవాడ వెళ్ళాం. పొద్దున వెళ్తే మధ్యాహ్నానికి గానీ డాక్టరుగారి దర్శనం కాలేదు. ఆయన కాలు చూసి, బాగా మానిందని సంతోషించాడు. నేత సంగతి రాయమంటే మాత్రం నాకు కాళ్ళ సంగతి తెలుసు గానీ మగ్గాల సంగతి ఏం తెలుసమ్మా అన్నాడు. అదీ నిజమే. తనకి తెలిసింది రాసిచ్చాడు. కుడికాలు మోకాలి కింద తీసివేయబడినది, తక్కిన దేహం ఆరోగ్యంగా ఉన్నది అని. సెక్రటరీగారు మొదటి ముక్క పైకి చదివి, చూశారా మరి అన్నాడు. రెండోది కూడా చదవమన్నాను. చదివి, ఇందులో నేత మాట లేదు కదా అన్నాడు. ఆ మాట సంఘం రాయాలని డాక్టరుగారు, డాక్టరు రాస్తే గానీ సంఘం రాయదని ఈయన. నాలుగుసార్లు తిరిగాం. ప్రతిసారీ కుర్చీ వేశాడు, ప్రతిసారీ మంచినీళ్ళిచ్చాడు. ఆ మంచినీళ్ళ గ్లాసు చూస్తేనే నాకు ఒళ్ళు మండేది.

అయిదోసారి ఆయనే ఓ దారి చెప్పాడు. నూలు పంచేటప్పుడు సంఘం గుమ్మం దగ్గర స్టూలు మీద కూచుని కార్డుల మీద ముద్ర వేసే పని ఉంది, జీతం ఇస్తాం, హాయిగా కూచుని చేసుకునే పని అన్నాడు. మగ్గం నించుని నేస్తారా అండీ అని మా ఆయన అడిగాడు. సెక్రటరీగారికి ఆ ప్రశ్న అర్థం కాలేదు.

ఇంటికొచ్చాక నేనే పోరుపెట్టాను. మీ పంతం వండుకు తినలేం, వెళ్ళండి అన్నాను. రెండు రోజులు ఆ టేకు కర్రనే నున్నగా చెక్కుతూ కూచున్నాడు. మూడోరోజు చంకలో కర్ర పెట్టుకుని వెళ్ళాడు.

అక్కడ మరీ విసుగు. సిరాపెట్టె తను తెచ్చుకోబోతే ఎవరో పరిగెత్తి తెచ్చిచ్చేవారు. నూలు కట్ట అందించబోతే చేతిలోంచి లాక్కునేవారు. మంచినీళ్ళకి లేస్తే భుజం పట్టుకుని కూచోబెట్టేవారు. రోజుకి రెండు గంటల పని, తక్కిన పొద్దంతా వీధిలో పోయేవాళ్ళ కాళ్ళు చూస్తూ కూచోడం. ఇంటికొచ్చి అన్నం ముందు కూచుని, ఆ ముద్ర నువ్వైనా వెయ్యొచ్చు, అమ్మైనా వెయ్యొచ్చు అనేవాడు.

నెల తిరిగేసరికి చౌడయ్య మామ కార్డు పట్టుకుని వచ్చాడట. మా వీధి చివరింటాయన, ఎనభై దాటాయి, కళ్ళకి పొర కమ్మింది, చేతులు వణుకుతాయి. మగ్గం మానేసి అయిదేళ్ళైంది. ఆయన కార్డు మీద కొడుకు నేస్తాడు. నువ్వు నెయ్యగలవా అని ఆయన్ని ఎవరూ అడగలేదు, రెండు కాళ్ళ మీద నడిచొచ్చాడు కనక. మా ఆయన ఆ కార్డు మీద ముద్ర వేసి తల దించుకున్నాడట. చౌడయ్య మామకి మనసు ఆగలేదు. మర్నాడు ఆ నూలులో సగం మా ఇంటికి తెచ్చి గట్టు మీద పెట్టాడు.

"నువ్వు నెయ్యలేవట, నేను నేస్తానట. నాకు సిగ్గేస్తోంది, తీసుకో భావనారాయణా," అన్నాడు.

మా ఆయన సంఘం ఉద్యోగం ఆ పూటే మానేశాడు. మా అత్తగారూ నేనూ కండెలు చుట్టాం. తొమ్మిది రోజుల్లో చీర దిగింది. ఎరుపు మీద సన్నంచు, ఎక్కడా పేక వదులు లేదు. పట్టుకెళ్ళి సెక్రటరీగారి బల్ల మీద పెట్టాం. విప్పి చూసి, అంచు వేళ్ళతో రాసి చూసి, బావుంది, చౌడయ్య కొడుకు నేశాడా అన్నాడు. మా ఆయన చీర మళ్ళీ మడతపెట్టసాగాడు. రండి, మా ఇంటికొచ్చి చూడండి అన్నాను నేను.

వచ్చాడు. సంఘం సభ్యులు ఇద్దరు కూడా వచ్చారు. మా ఆయన గుంటలోకి దిగి, మొండికాలు గిన్నెలో పెట్టి, మొదలుపెట్టాడు. ఎవరి కోసమో నేసినట్టు కాదు, రోజూ నేసినట్టే నేశాడు. మిగిలిన పడుగు మీద జానెడు గుడ్డ దిగింది. సభ్యుల్లో ఒకాయన గుంటలోకి వంగి చూసి, ఇది ఎవరు చేశారు అని మెచ్చుకున్నాడు. ఇక అయిపోయింది, కార్డు వచ్చేసిందనుకున్నాను. చూస్తే సెక్రటరీగారు కండువాతో కళ్ళు ఒత్తుకుంటున్నాడు.

"చూడలేకపోతున్నానమ్మా," అన్నాడు నాతో. "కార్డిచ్చి ఇంత బాధ పెట్టమంటారా ఈ మనిషిని? ఆ పాపం నాకెందుకు?"

ఆయనకేం బాధ లేదండీ, హాయిగా ఉన్నాడు అన్నాను. ఇల్లాలివి, ధైర్యం చెప్పుకోవాలి కదా అన్నాడు. మా ఆయన నాడె గట్టు మీద పెట్టేశాడు. ఇన్ని నెలల తిరుగుడూ, రైళ్ళూ, మంచినీళ్ళూ అన్నీ ఒక్కసారే గుర్తొచ్చాయి.

"కార్డు నా పేరు మీద రాయండి," అన్నాను.

దానికేం భాగ్యం అన్నాడు. సంచీలోంచి పుస్తకం తీసి అక్కడే రాశాడు. నాగమల్లేశ్వరి, మగ్గం ఒకటి. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు రాట్నం తిప్పుతారు, కండెలు చుడతారు. నేను పుట్టి బుద్ధెరిగాక మగ్గం గుంటలో కాలు పెట్టలేదు. నెయ్యడం వచ్చా అని ఆయన అడగలేదు, నేను చెప్పలేదు.

వాళ్ళు వెళ్ళాక ఇంట్లో పెద్ద గొడవైంది. తన గుడ్డ నా పేరు మీద సంఘానికి పోవడం ఆయనకి నచ్చలేదు. నూలొచ్చింది కదా అంటే, నూలొచ్చింది, నేను పోయాను అన్నాడు. మా అత్తగారు ఇద్దర్నీ కసిరి అన్నానికి లెమ్మంది.

వారం పోయాక పొద్దున్నే పిలిచి, గుంట చూపించి, దిగు అన్నాడు. కార్డు నీ పేరు మీద ఉంటే నువ్వు నెయ్యాల్సిందే, అబద్ధం నా ఇంట్లో ఉండకూడదు అన్నాడు. రోజూ ఒక గంట. ఆయన నేర్పే పద్ధతికి దేవుడే దిక్కు. ఎడమ తొక్కమంటే కుడి తొక్కుతున్నానని, నాడె విసరమంటే పారేస్తున్నానని, పేకని బిగించే పలక కొట్టమంటే నిమురుతున్నానని ఒకటే సణుగుడు. రెండు కాళ్ళున్నాయి కదే, ఏం చేస్తున్నావు వాటితో అన్నాడు ఒకరోజు. నాకు కోపం రావాల్సింది, నవ్వొచ్చింది. ఆయనకీ వచ్చింది. కాలు పోయాక ఆయన నవ్వడం నేను చూడ్డం అదే మొదలు.

మాఘమాసంలో బెజవాడ నుంచి నూలు ఇన్‌స్పెక్టరు మగ్గాలు చూడ్డానికొచ్చాడు. సరిగ్గా నా గంటలో వచ్చాడు. గుంటలో నేనున్నాను. అప్పటికే అయిదారు దారాలు తెంపి, అంచు పాము మెలిక తిరిగినట్టు నేసి కూచున్నాను. మా ఆయన కర్ర పట్టుకుని పక్కన నించుని చూస్తున్నాడు. ఇన్‌స్పెక్టరుగారు కార్డులో పేరు చూసి, నన్ను చూసి, పుస్తకంలో మగ్గం పనిలో ఉన్నది అని రాసుకున్నాడు. గుడ్డ వైపు చూడలేదు. మా అత్తగారు ఇచ్చిన మజ్జిగ తాగి, వెళ్ళబోతూ గుంట దగ్గర వంగి, గొంతు తగ్గించి నన్నడిగాడు.

"మీ ఆయనకేమైనా పని దొరికిందా అమ్మా?"

దొరికిందండీ అన్నాను. చాలా సంతోషం అని చెప్పి, చెప్పులు వేసుకుని పక్కింటికి వెళ్ళాడు. మా ఆయన నన్ను గుంటలోంచి లేపి, తను దిగి, నేను పాడుచేసిన జానెడు గుడ్డా విప్పడం మొదలుపెట్టాడు. తెగిన దారాలు ఒక్కొక్కటే వెతికి ముడెయ్యడానికి భోజనాల వేళ దాటింది.