బోర్లించిన గాజు గిన్నె

"ఆ పొర చిరిగిపోతే ఏం చేస్తావే? మూణ్ణెల్ల కష్టం గదా." నంద్యాలలో బస్సు దిగకముందే దెబోరా కూతురికి ఫోను చేసి అడిగింది.

"చిరగదులేమ్మా. మేడం ఉంది గదా," అంది ప్రవళిక.

దెబోరా ఫోను పెట్టేసింది. ఏడాదిగా ఆ పిల్ల నోట మేడం తప్ప మరో మాట లేదు. మొన్న జ్వరమొస్తే ఆసుపత్రికి తీసుకుపోయింది కూడా ల్యాబులో పని నేర్పే ఆ చూడామణి మేడమే. ఆళ్లగడ్డలో ఉన్న కన్నతల్లికి ఆ సంగతి మూడో రోజుకు గానీ తెలియలేదు.

కాలేజీ ల్యాబులో ప్రవళిక గాజుపలక చూపించింది. కంటికి కనబడనంత సన్నని రంధ్రాలున్న పొడిని ప్లాస్టిక్ పాకంలో కలిపి పలుచగా పోశారు. ఆరితే పొరవుతుంది. గోబర్ గ్యాసులోని పనికిరాని గాలి ఆ పొరలోంచి జారిపోతుంది, మండే గాలి ఇవతలే నిలుస్తుంది. రేపే దాన్ని పరీక్షించేది. పైన గాజు గిన్నె బోర్లించి ఉంది.

"మూసిపెడితే యాడ ఆరుతుంది? ముక్కిపోతాది," అంది దెబోరా. ముప్పై ఎండాకాలాలు వడియాలు పెట్టి అమ్మిన మనిషి.

"ఇది నిదానంగా ఆరాలక్కా. తొందరగా ఆరితే పగిలిపోతుంది," అని మేడం నవ్వింది. ప్రవళిక కూడా నవ్వింది. అదే దెబోరాకు తగిలింది.

భోజనానికి పిలిస్తే ఆకలి లేదంది. పక్కగదిలో వాళ్లిద్దరూ మేడం తెచ్చిన పులిహోర ఒకే డబ్బాలో తింటున్నారు. తను మోసుకొచ్చిన సంగటి సంచిలోనే ఉంది.

నాకు తెలియని ఆరబెట్టడమా, అనుకుంది దెబోరా. గిన్నె ఒకపక్క ఎత్తి కింద పెన్ను ఆనించింది. ఫ్యాను వేసింది. అరగంటకు చూస్తే పొర నిండా నెర్రెలు. గబగబా ఫ్యాను ఆపేసి, గిన్నె ఎప్పట్లా బోర్లించింది.

వచ్చి చూసిన ప్రవళిక ముఖం నల్లబడింది. "గిన్నె మూసింది మీరే గదా మేడం. సరిగ్గా మూయలేదు."

"మళ్లీ ఒకసారి చూసుకోవాల్సింది. తప్పు నాదే," అంది మేడం.

దెబోరా సంచి మూతి కట్టుకుంది. లోపలెక్కడో చల్లగా అనిపించింది.

ఆ సాయంత్రమే తల్లితో ఇంటికి బయలుదేరి, ఆళ్లగడ్డ బస్సులో ప్రవళిక అంది: "ఇంక ఆమె కింద చెయ్యను. చదువు చాలు. నీతోపాటు వడియాలు పెడ్తా."

కూతురు తన దగ్గరికి రావాలనే కదా ఇన్నాళ్లు కుళ్లింది. తీరా వస్తానంటే దెబోరాకు భయమేసింది. ఈ పిల్ల బతుకంతా ఎండలో కూర్చున్నట్టు కళ్లకు కట్టింది.

"మేడం తప్పేం లేదే. గిన్నె ఎత్తింది నేను. ఫ్యాను నేనేసినా."

ప్రవళిక తిరిగి చూసింది. "ఎందుకు?"

"నాకంటే ఆమె ఎక్కువైపాయ నీకు."

బస్సు శిరివెళ్ల దాటింది. ప్రవళిక కిటికీ వైపు తిప్పిన ముఖం ఇటు తిప్పలేదు. "తిట్టవే, ఏదోటి అను," అని దెబోరా రెండుసార్లు బతిమాలింది. ఆళ్లగడ్డ బస్టాండులో దిగారు. జనమంతా వెళ్లిపోయారు.

"మళ్లీ నంద్యాల బస్సెక్కు," అంది ప్రవళిక. "మేడం ఇంకా ల్యాబులోనే ఉంటాది. నువ్వే చెప్పు."