పన్నెండో మూత

పెనాల్టీ పెట్టె మూడో గీత సగంలో ఉండగా డబ్బాలో సున్నం అయిపోయింది. కోచ్ నడుం మీద చెయ్యి వేసుకుని మెల్లగా లేచాడు. రెండు మేకుల మధ్య బిగించిన తాడు పక్కన, అడుగున చిల్లులు పొడిచిన పాత రంగు డబ్బాను విదిలిస్తూ, తెల్లవారినప్పటి నుంచీ వంగే నడుస్తున్నాడు. ఫుట్‌బాల్ మైదానానికి గీతలు గీయడానికి కాగితం మిల్లు వాళ్ళు వేరే మనిషికి జీతం ఇస్తున్నారు. ఆ మనిషి మెట్ల మీద కూర్చుని తీరిగ్గా టీ తాగుతున్నాడు. మ్యాచ్ ఉన్న రోజు ఈ పని ఇరవై రెండేళ్ళుగా కోచే చేస్తాడు. అందుకే జట్టులో ఆయనకు గీతల మాస్టారని పేరు. పూర్వం మొహం మీదే అలా పిలిచేవాళ్ళు. ఇప్పుడు మొహం మీద 'సార్' అంటున్నారు.

ఆ 'సార్' ఆయనకు ముల్లులా గుచ్చుకుంటోంది.

జట్టు వరుసగా ఏడు మ్యాచ్‌లు ఓడింది. ఓటమి ఆయనకు కొత్త కాదు. యాభై మూడేళ్ళ జీవితంలో గెలుపే చుట్టపుచూపుగా వచ్చి పోయేది, ఓటమి ఇంట్లో మనిషే. మిల్లు జట్టు ఏనాడూ రెండో డివిజన్ దాటింది లేదు, ఆయన ఫోటో ఏ గోడా ఎక్కింది లేదు. దానికేమీ బాధపడలేదు. ఇప్పుడు ఆయన్ని లోపల్లోపల తినేస్తున్నది వేరే సంగతి. కుర్రాళ్ళు ఆయనతో పోట్లాడటం మానేశారు.

బట్టలు మార్చుకునే గదిలో స్టూలు మీద ఒక చెక్క బోర్డు ఉంటుంది. ఆకుపచ్చ రంగు పూసి, మైదానం బొమ్మ గీసింది. ఆటగాళ్ళకు బదులు సోడా సీసా మూతలు. జట్టులోకి ఎవరు కొత్తగా వచ్చినా కోచ్ ఒక మూతకు ఎర్రరంగు పూసి, తెల్లటి అంకె వేసి, వాడి చేతికే ఇచ్చి బోర్డు మీద పెట్టమంటాడు. జట్టు వదిలి వెళ్ళేవాడు తన మూత తనతో తీసుకుపోవాలి. అది అక్కడి ఆనవాయితీ. సగం ఆట అయ్యాక ఆ స్టూలు చుట్టూ యుద్ధమే జరిగేది. ఆయన ఒక మూతను ఇటు జరిపితే నాలుగు చేతులు వచ్చి దాన్ని అటు జరిపేవి. కెప్టెన్ ఒకసారి కోపం పట్టలేక తన మూతను విసిరికొడితే అది తగిలి కోచ్ కనుబొమ్మ చిట్లింది. ఆ రోజు నెత్తుటి కట్టుతోనే గెలిచారు. అన్ని వేళ్ళు రాసుకుని రాసుకుని బోర్డు మధ్యలో రంగు పోయి చెక్క బయటపడింది.

ఆరు వారాలుగా ఆ బోర్డు మీద ఆయన చెయ్యి తప్ప మరో చెయ్యి పడలేదు. అందరూ చేతులు వెనక్కి కట్టుకుని నిలబడతారు. చెప్పిందంతా వింటారు. "సరే సార్" అంటారు.

కారణం ఆయనకు తెలుసు. గోల్ కీపర్‌ని అందరూ పిల్లి అంటారు. పన్నెండేళ్ళుగా ఈ జట్టుకు ఒకటో నంబరు మూత వాడిదే. ఆరు వారాల కిందట ప్రాక్టీసులో వాడి కుడిచేతి ఉంగరపు వేలు విరిగింది. "ఈ ఒక్క మ్యాచ్ లాగించరా, నా పరువు నిలబెట్టు" అని కోచే గడ్డం పట్టుకుని బతిమాలాడు. పిల్లి విరిగిన వేలినీ పక్క వేలినీ కలిపి కట్టు కట్టుకుని ఆడాడు. నాలుగు గోల్స్ పడ్డాయి. మ్యాచ్ అయ్యాక వార్తలు రాసే పేపరాయన వచ్చి అడిగితే, పక్కనే మిల్లు సెక్రటరీ నిలబడి వింటుంటే, కోచ్ నోటివెంట వచ్చిన మాట ఇది: "నా ప్లాన్‌లో తప్పేం లేదండి. కీపర్ చేతులు బాగోలేకపోతే నేనేం చేసేది?"

అంతకుముందు ఎన్ని ఓడినా "తప్పు నాది" అనేవాడు. ఆ రోజు ఉద్యోగం మీద భయం వేసింది, అనేశాడు. పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. ఆ మాట అంతదూరం పోనక్కర్లేదు, ఆ గది తలుపు దాటి లోపలికి వెళ్తే చాలు. వెళ్ళింది. ఆడలేక మద్దెల ఓడన్న సామెత ఆయనే కుర్రాళ్ళకు వందసార్లు చెప్పి ఉంటాడు.

సున్నం కలుపుతుండగా సెక్రటరీ వచ్చాడు. ఇస్త్రీ ప్యాంటుకు సున్నం అంటకుండా గీతకు అవతలే ఆగాడు.

"ఏమనుకోకండి మాస్టారూ, పైవాళ్ళ మాట చెప్తున్నా. ఇవాళ గెలిస్తే ఈ డివిజన్‌లో ఉంటాం, మీరూ ఉంటారు. ఓడితే మటుకు నా చేతుల్లో లేదు."

"తెలుసండీ."

"కుర్రాళ్ళు మీతోనే ఉన్నారుగా?"

కోచ్ డబ్బాలో సున్నం పోసుకున్నాడు. "చెప్పింది చేస్తున్నారు" అన్నాడు. సెక్రటరీకి ఆ జవాబు తృప్తిగానే ఉంది.

పదకొండింటికి ఇంటికి వెళ్ళేసరికి భార్య కుట్టుమిషన్ మీద ఉంది. చిరిగిన జెర్సీకి అంకె అతుకుతోంది. జట్టు బట్టలకు ముప్పావు వంతు కుట్టు ఆవిడదే. ఆయన చేతులు కడుక్కుని కంచం ముందు కూర్చున్నాడు గానీ ముద్ద దిగలేదు.

"ఇవాళైనా చెప్తారా ఆ అబ్బాయికి?" అందావిడ, దారం కొరుకుతూ.

"మ్యాచ్ ముందు ఎందుకు, మనసు పాడవుతుంది."

"మ్యాచ్ ముందు మనసు పాడవుతుంది. మ్యాచ్ తర్వాత మీ మనసు పాడవుతుంది. ఆరు వారాలుగా ఇదే కదా."

"వాళ్ళేం అనడం లేదే. మర్యాదగానే ఉంటున్నారు."

ఆవిడ మిషన్ ఆపింది. "నేను మీతో మర్యాదగా ఉన్న రోజు ఒక్కటి చెప్పండి. అలాంటి రోజు వచ్చిందంటే నేను పెట్టె సర్దుకున్నట్టే."

ఆయన నవ్వాడు. నవ్వాక భయం వేసింది. తిరిగి మైదానానికి వెళ్ళే దారి పొడుగునా చెప్పవలసిన మాటలు కూడబలుక్కున్నాడు. ఒరేయ్, తప్పు నాది. వేలు విరిగిందని తెలిసే ఆడించాను. అంతే, రెండు ముక్కలు. గదిలోకి అడుగు పెట్టగానే పదహారు మంది లేచి నిలబడ్డారు. పూర్వం ఎవరూ లేచేవాళ్ళు కాదు. ఆ రెండు ముక్కలూ చెప్పకుండానే కోచ్ జెర్సీలు పంచడం మొదలుపెట్టాడు.

పిల్లి ఆ రోజు కూడా ఆటలో లేడు. వేలు అతుక్కుంది గానీ వంకరగానే అతుక్కుంది. రెండో కీపర్ పొడుగోడికి చోటిచ్చి, పిల్లి మైదానం పక్కన బల్ల చివర గ్లవ్స్ తొడుక్కుని కూర్చున్నాడు. ఎందుకు తొడుక్కున్నాడో ఎవరూ అడగలేదు.

సగం ఆటకు ఒక గోల్ వెనకబడ్డారు. గదిలో చెమట వాసన, నీళ్ళు గటగటా తాగే చప్పుడు. కోచ్ మూతలు దాచే బిస్కెట్ డబ్బాలోంచి వాటిని గబగబా తీసి బోర్డు మీద పేర్చాడు. "ఎవరూ సగం గీత దాటొద్దు. ముందు ఇంకో గోల్ పడకుండా చూసుకుందాం. ఆఖర్లో చూద్దాం" అన్నాడు. ఒక్కో మూత మీద వేలు పెట్టి, ఎవరు ఎవర్ని కాయాలో అయిదు నిమిషాలు చెప్పాడు. అవతలి జట్టులో ఎడమ పక్క ఆడేవాడు కుంటుతున్నాడని కెప్టెన్‌కి తెలుసు, ఆయనకూ తెలుసు. పాత రోజులైతే కెప్టెన్ ఈపాటికి స్టూలు తన్నేసి ఉండేవాడు. కోచ్ వాడి మొహంలోకి చూశాడు. తిట్టరా అని అడగాలనిపించింది.

"అర్థమైందా?"

"సరే సార్."

అందరూ బయటికి వెళ్ళాక మూతలు సర్దబోయి ఆగిపోయాడు. గోల్ ముందు రెండు మూతలున్నాయి. పొడుగోడి ఇరవై రెండు, దాని పక్కన పిల్లి ఒకటో నంబరు. పన్నెండేళ్ళ అలవాటు కొద్దీ చెయ్యి ముందుగా దాన్నే తీసి పెట్టేసింది. వేలితో లెక్కపెట్టాడు. పన్నెండు. పన్నెండు మందితో ఆడమని అయిదు నిమిషాలు పాఠం చెప్పాడు. అంతసేపూ బోర్డు చుట్టూ ముప్పై రెండు కళ్ళున్నాయి. ఒక్క నోరు పెగల్లేదు, చివరికి ఒక్కడు నవ్వను కూడా లేదు.

ఆయన వాటిని అలాగే వదిలేసి బయటికి వచ్చాడు.

మైదానంలో ఆయన చెప్పిన ఆట జరగడం లేదు. కెప్టెన్ చెయ్యెత్తి జట్టు మొత్తాన్ని సగం గీత దాటించాడు. బంతి ప్రతిసారీ ఆ కుంటివాడి పక్కకే వెళ్తోంది. వాళ్ళలో వాళ్ళు అరుచుకుంటున్నారు, తిట్టుకుంటున్నారు, చేతులు విసురుకుంటున్నారు. ఎంత బాగా తిట్టుకుంటున్నారో. కోచ్ గీత పక్కన కుర్చీలో కూర్చుని తన జట్టును పరాయి జట్టులా చూశాడు. అరవయ్యో నిమిషంలో స్కోరు సమం అయింది. చివరి నిమిషాల్లో కెప్టెన్ తలతో కొట్టిన బంతి వలలో పడింది.

గోల్ కొట్టినవాడు పరుగెత్తుకొచ్చి కోచ్‌ని ఎత్తుకోవడం ఎప్పటి నుంచో ఉన్నదే. ఆయన కుర్చీలోంచి సగం లేచి చేతులు చాచాడు కూడా. కెప్టెన్ ఆయన ముందు నుంచే పరుగెత్తి బల్ల చివర ఉన్న పిల్లిని వాటేసుకున్నాడు. మిగిలినవాళ్ళంతా వాళ్ళ మీద పడ్డారు. చాచిన చేతులు ఏం చేయాలో తెలియక కోచ్ చొక్కా కాలర్ సర్దుకున్నాడు. గెలిచినందుకు సంతోషం వేసింది, అది అబద్ధం కాదు. దాని కింద మాత్రం, ఎన్నాళ్ళుగానో ఉంటున్న ఇంటికి తాళం చెవి తిరగనప్పుడు వేసే భయం.

గదిలోకి వస్తూ తలుపు దగ్గర కెప్టెన్‌ని ఆపాడు.

"పన్నెండు మందిని పెట్టాను రా. చూడలేదా?"

"చూశాను సార్."

"మరి చెప్పలేదేం?"

కెప్టెన్ తువ్వాలు మెడ చుట్టూ సవరించుకున్నాడు. వాడి మొహంలో కోపం లేదు, కొంచెం జాలి ఉంది. "ఎందుకులే అనుకున్నాం సార్."

లోపల షవర్ల కింద అందరూ పాటలు పాడుతున్నారు. పిల్లి ఒక్కడే బల్ల మీద వంగి ఎడంచేత్తో బూటు తాడు విప్పుకుంటున్నాడు. కుడిచేతి వేలు వంగడం లేదు. కోచ్ వాడి ముందు మోకాళ్ళ మీద కూర్చుని తాడు పట్టుకున్నాడు. పిల్లి కాలు మెల్లగా వెనక్కి లాక్కున్నాడు.

"వద్దు సార్. నేను విప్పుకుంటాను."

"తప్పు నాది రా." గొంతు ఆయనకే కొత్తగా వినిపించింది. "విరిగిందని తెలిసే ఆడించాను. నువ్వు వద్దన్నావు కూడా. పేపరాయనతో అన్నది అబద్ధం, భయపడి అన్నాను. రేపు ఆయన్ని పిలిచి నా నోటితోనే చెప్తా. నన్ను ఏమైనా అను. కొట్టాలనిపిస్తే కొట్టు."

పిల్లి అంతా విన్నాడు. తన వంకర వేలు వైపు ఒకసారి చూసుకున్నాడు. తర్వాత ఎంతో మర్యాదగా అన్నాడు.

"సరే సార్."

కోచ్ ఇంకాసేపు అలాగే కూర్చున్నాడు, ఒక్క తిట్టు కోసం. పిల్లి రెండో బూటు తాడు విప్పుకోవడం మొదలుపెట్టాడు.

సెక్రటరీ వరండాలో ఎదురొచ్చి చెయ్యి పట్టుకుని ఊపేశాడు. "ఏం ప్లాన్ మాస్టారూ, బ్రహ్మాండం. ఇంకో ఏడాది మీరే."

"ప్లాన్ వాళ్ళది. ఇంకెవర్నైనా చూసుకోండి." కోచ్ జేబులోంచి గది తాళాలు తీసి ఆయన చేతిలో పెట్టాడు. ఆయన ఏదో అడుగుతున్నాడు గానీ వినిపించుకోలేదు.

వాళ్ళందరూ వెళ్ళిపోయేదాకా మైదానం అవతలే తచ్చాడి, ఆఖరికి ఒకసారి, ఇంకా తాళం పడని గదిలోకి వచ్చాడు. తువ్వాలూ, నీళ్ళ సీసా సంచిలో పెట్టుకున్నాడు. పోయేవాడు తన మూత తీసుకుపోవాలి కదా, అలవాటుగా బిస్కెట్ డబ్బాలో చెయ్యి పెట్టి వెతికాడు. తనకంటూ ఒకటి ఏనాడూ చేసుకోలేదని అప్పుడు గుర్తొచ్చింది. ఇరవై రెండేళ్ళలో ఆ అవసరమే రాలేదు. సంచి భుజాన వేసుకుని, పొద్దున తాను గీసి, సాయంత్రానికి బూట్ల కింద చెరిగిపోయిన గీతల మీదుగా ఇంటి దారి పట్టాడు. ఆవిడ ఇంకా మిషన్ దగ్గరే ఉంటుంది. ఈ రాత్రి కాస్త గట్టిగా తిట్టమని అడగాలి.

గదిలో స్టూలు మీద బోర్డు అలాగే ఉంది. గోల్ ముందు రెండు మూతలు ఒకదాన్నొకటి ఆనుకుని ఉన్నాయి, ఒకటీ ఇరవై రెండూ.