తపస్సు మాను డిస్కు

తిరుచానూరు లాడ్జిలో డ్యూటీ దిగి, షేర్ ఆటో పట్టుకుని నవీన తిరుపతిలోని ఇంటికి చేరేసరికి మూడవుతుంది. చెప్పులు విప్పకముందే లోపల మంచం పట్టె మీద చేత్తో కొడుతున్న చప్పుడు వినిపిస్తుంది. నాయన మేలుకొని ఉన్నాడని, డిస్కు పెట్టమంటున్నాడని దానికి అర్థం.

గోవిందయ్యకు పక్షవాతం వచ్చి రెండేళ్లయింది. కుడిచెయ్యి, కుడికాలు పడిపోయాయి. మాట పోయింది. అంతకుముందు ఆయన నోరు ఊరికే ఉన్న రోజు లేదు. పూతలపట్టు చుట్టుపక్కల ఎక్కడ భారతం జరిగినా అర్జునుడి వేషం ఆయనదే. ధర్మరాజుల తిరునాళ్లలో అర్జున తపస్సు నాడు పొడవాటి తాటిమాను నాటి, దానికి మెట్లు కొడతారు. గోవిందయ్య ఉపవాసముండి, కిరీటం పెట్టుకుని, మెట్టుకో పద్యం పాడుతూ ఎక్కేవాడు. కొసన కట్టిన పీట మీద కూర్చుని నిమ్మకాయలు కిందికి విసిరేవాడు. బిడ్డల కోసం తడిగుడ్డలతో మాను చుట్టూ బోర్లా పడుకుని వరపడిన ఆడవాళ్లు లేచి వాటికి కొంగు పట్టేవారు.

పంతొమ్మిదేళ్లు అలా ఎక్కాడు. 2012లో ఊరివాళ్లు తిరునాళ్లను వీడియో తీయించి, ఇంటికొకటి చొప్పున డిస్కులు చేయించుకున్నారు. ఆ ఏడాది తర్వాత ఆయన మళ్లీ వేషం కట్టలేదు. అడిగితే వయసైపోయిందన్నాడు. నవీన అప్పటికి పెళ్లయి మద్రాసు పక్కన ఆవడిలో ఉండేది. ఆ తిరునాళ్లు ఆమె చూడలేదు. జబ్బు చేసి నాయన తన దగ్గరికి వచ్చినప్పుడు, ఆయన ట్రంకుపెట్టెలో గుడ్డల మడతల మధ్య ఆ డిస్కు దొరికింది. భర్త చక్రధర్ పాత డీవీడీ ప్లేయర్‌ను అటక మీద నుంచి దించి ఇచ్చాడు. అతను యాత్రికులను తిప్పే వ్యాను నడుపుతాడు. వారంలో నాలుగు రోజులు ఇంట్లో ఉండడు.

ఆ డిస్కు ఒకే చోట ఆగిపోయేది. తెర మీద గోవిందయ్య సగం మాను ఎక్కేవాడు. పద్యం మంచి ఊపులో ఉండగా బొమ్మ గళ్లు గళ్లుగా విడిపోయి, గొంతు ఎక్కిళ్లు పెట్టినట్టయి, అంతా నిలిచిపోయేది. ఆయన మంచం పట్టె మీద టపటపా కొట్టేవాడు. నవీన లేచి, డిస్కు బయటికి తీసి, కొంగుతో గుండ్రంగా తుడిచి మళ్లీ పెట్టేది. అది మొదటి నుంచి మొదలయ్యేది. ఆయన చెయ్యి నెమ్మదించేది. పావుగంటకు మళ్లీ గళ్లు, మళ్లీ టపటపా. పొద్దు వాలేలోగా నాలుగుసార్లు, ఒక్కోరోజు ఆరుసార్లు. పొద్దున్నుంచీ లాడ్జిలో పన్నెండు గదుల దుప్పట్లు మార్చి వచ్చిన ఒళ్లు, లేచిన ప్రతిసారీ నడుం దగ్గర పట్టేసేది. కొస దాకా ఎక్కడం చూసుకోలేక నాయన ఎంత అల్లాడుతున్నాడో అనుకునేది. సబ్బునీళ్లతో కడిగింది. ప్లేయర్‌ను గాలి తగిలే చోటికి జరిపింది. వైరు మార్చింది. ఏదీ కుదరలేదు.

ఒక శనివారం డిస్కునూ ప్లేయర్‌నూ సంచిలో వేసుకుని గాంధీ రోడ్డు పక్క సందులోని సలావుద్దీన్ అంగడికి పోయింది. ఒకప్పుడు టేప్‌రికార్డర్లు, ప్లేయర్లు బాగుచేసిన మనిషి. ఇప్పుడు మిక్సీలు చూసుకుంటున్నాడు.

“ఇంకో డిస్కు ఏసి సూసినావామ్మా?” అన్నాడు.

“సూసినానన్నా. మా పెండ్లిది బాగానే ఆడింది.”

“ఐతే ఈ పెట్టెలో లోపమేం లేదు. ఆగేది ఒకే తావులోనా, మారతాండాదా?”

“ఒకే తావు.”

ఆయన డిస్కును ట్యూబులైటు కింద పట్టి అటూ ఇటూ వంచాడు. “ఎట్ల తుడస్తావు?”

నవీన చేత్తో గుండ్రంగా తిప్పి చూపించింది.

“అట్ల తుడవకూడదు. నడిమి నుంచి అంచుకు నేరుగా తుడవాల. అడ్డగీత పడితే పెట్టె దాటుకొని పోతాది. చుట్టూ తిరిగే గీతైతే దానికి దోవ దొరకదు.”

“అంటే రెండేండ్లుగా నేనే చెడగొట్టినానా?”

“నీ గీతలు ఇవి. వెంట్రుకల మాదిరి ఉండాయి. వీటితో ఏం కాదు. ఇది సూడు.” ఆయన గోటితో చూపించాడు. లోపలి సగం నున్నగా మెరుస్తోంది. అక్కడి నుంచి అంచు దాకా గరుకుగా, గచ్చుకేసి రాసినట్టు తెల్లబారి ఉంది. “డిస్కు లోపల్నుంచి బయటికి ఆడతాది. నున్నగుండే దాకా ఆడి, ఈడ ఆగిపోతాండాది. దేంట్లోనన్నా పడి రాసుకోనుంటే అంతా గీతలు పడాల కదా. ఇది గిరి గీసినట్ల సగం నుంచే మొదలైంది.”

నవీన ఆ మాట విన్నది గానీ దాని గురించి ఆలోచించే ఓపిక లేదు. “ఏదన్నా చేయన్నా” అంది.

“నునుపు చేసే మందు ఉండాది. రుద్దితే బాగైనా కావచ్చు, ఉండేది కూడా పోవచ్చు. నీ ఇష్టం.”

“రుద్దు.”

ఆయన అరగంట సేపు శ్రద్ధగా రుద్దాడు, తుడిచాడు, ప్లేయర్‌లో పెట్టాడు. డిస్కు లోపల గరగరా తిరిగింది. తెర మీద ‘నో డిస్క్’ అని పడింది. మూడుసార్లు పెట్టినా అదే మాట.

సలావుద్దీన్ కళ్లద్దాలు తీసేశాడు. “తప్పు నాదేలేమ్మా. ఆశ పెట్టినాను. ఇట్లాంటివి ఊరికి ఒక్కటే చేయించరు. ఇంకెవురింట్లోనన్నా ఉంటాదేమో ఇచారించు.”

ఆ తర్వాత నాలుగు రోజులు గోవిందయ్య మంచం కొడుతూనే ఉన్నాడు. నవీన టీవీ పెట్టింది, పాటలు పెట్టింది. ఆయన వాటి వంక చూడలేదు. చేతి వేళ్ల కణుపులు కమిలిపోయాయి. నవీన ఆ చేతికి పాత తువ్వాలు చుట్టింది.

వారం సెలవు నాడు పక్కింటి అలివేలమ్మను నాయన దగ్గర కూర్చోబెట్టి, నవీన చిత్తూరు బస్సెక్కింది. పూతలపట్టులో దిగి, ఆటోలో ఊరికి పోయింది. ధనంజయ ఇల్లు ఆమెకు తెలుసు. గోవిందయ్యను వాద్యారని, గురువని, పిలుస్తూ ఆయన దగ్గర వేషం నేర్చుకుని భీముడు కట్టినవాడు. ఇప్పుడు పాలకేంద్రం నడుపుతున్నాడు. క్యాన్లు కడుగుతున్నవాడు ఆమెను చూసి గబగబా చేతులు తుడుచుకున్నాడు.

“పాపా, వాద్యారు ఎట్లుండాడు?”

“ఉండాడన్నా, అట్లనే. ఆ తిరునాళ్ల డిస్కు నీకాడ ఉండాదా? మాది పాడైపోయింది.”

ధనంజయ లోపలికి పోయి, బీరువాలో నుంచి కవరు కూడా చింపని డిస్కు తెచ్చాడు. కానీ చేతికియ్యలేదు.

“నువ్వు కడదాకా సూసినావా?”

“యాడ సూసేదన్నా? సగం మానుకే నిలబడిపోయేది కదా.”

“వాద్యార్ని ఒక మాట అడిగి పెట్టు.”

“ఆయనే కదా దినామూ మంచం పగలగొట్టేది.”

“సరే, తీసకపో పాపా” అని డిస్కు ఆమె సంచిలో పెట్టాడు. కాఫీ తాగి పొమ్మన్నాడు. బస్సు తప్పిపోతుందని ఆమె నిలబడే తాగి బయలుదేరింది.

ఇంటికి వచ్చి, కాళ్లు కడుక్కుని, డిస్కు పెట్టి నాయన పక్కనే కూర్చుంది. బొమ్మ స్పష్టంగా ఉంది. కిరీటం, భుజకీర్తులు, తాటిమాను, ఎండ. గోవిందయ్య కళ్లు తెరకు అతుక్కుపోయాయి. ఎప్పుడూ ఆగే చోటు వచ్చింది. ఆగలేదు. ఆయన చెయ్యి పట్టె మీద పడింది. సంతోషంతో కొడుతున్నాడని నవీన నవ్వింది.

“సూడు నాయనా, ఇప్పుడు కొస దాకా ఆడతాది.”

తెర మీద అర్జునుడి కాలు పై మెట్టుకు లేవలేదు. పద్యం మధ్యలో తెగింది. రెండు చేతులతో మానును వాటేసుకుని ఆయన అలాగే ఉండిపోయాడు. కింద హార్మోనియం కాసేపు వాయించి ఆగింది. జనం మాట్లాడటం లేదు. కాళ్లు వణకడం ఇంత దూరానికీ తెలుస్తోంది. భీముడి వేషంలో ఉన్న ధనంజయ కిరీటం తీసి పక్కన పెట్టి, మాను ఎక్కి, ఆయన నడుముకు తువ్వాలు కట్టి, ఒక్కో మెట్టూ దించసాగాడు.

మంచం మీద గోవిందయ్య గట్టిగా, ఇంకా గట్టిగా కొడుతున్నాడు. తర్వాత కొట్టడం ఆపి, ఎడమచేత్తో గోడను పట్టుకుని అటు తిరిగిపోవడానికి పెనుగులాడాడు. నవీనకు రిమోటు దొరకలేదు. పోయి స్విచ్చి కట్టేసింది.

సలావుద్దీన్ చెప్పిన గిరి అప్పుడు గుర్తొచ్చింది.

“నాయనా, ఆ పాత డిస్కును గీకింది నువ్వేనా?”

ఆయన ఇటు తిరగలేదు. ఎడమచెయ్యి మెల్లగా లేచి, గోడ మీద అటూ ఇటూ రాసింది. ఒకసారి, రెండుసార్లు. తర్వాత కిందికి జారిపోయింది.

నవీనకు ముందు కోపమే వచ్చింది. రెండేళ్లుగా పడుతూ లేస్తూ తుడిచిందంతా, చెడగొట్టానని కుమిలిందంతా, ఇవాళ బస్సూ ఆటో మారి తిరిగిందంతా దీని కోసమా. ఆయన బాగుచేయమని ఏనాడూ అడగలేదు. మళ్లీ మొదటి నుంచి పెట్టమన్నాడు, అంతే. చెప్పడానికి ఆయనకు మాట లేదు. విని తెలుసుకోవడానికి తనకు తీరిక లేదు. ఆ కోపాన్ని ఎవరి మీద పెట్టాలో తెలియక పొయ్యి వెలిగించి, సంకటి కలిపి, పల్చగా చేసి తెచ్చి తినిపించింది. ఆయన కళ్లు మూసుకునే తిన్నాడు.

మర్నాటి నుంచి నవీన రిమోటు చేతిలో పట్టుకుని కూర్చునేది. కాలు ఆగే ముందు, పద్యం నిండుగా ఉన్నప్పుడే ఆపి, మొదటికి తిప్పేది. గోవిందయ్య ఆమె వంక ఒకసారి చూసి తెర వైపు తిరిగేవాడు. మంచం కొట్టడం తగ్గింది. లేచే పని లేదు గానీ ఇప్పుడు కన్ను వాల్చడానికి లేదు.

బ్రహ్మోత్సవాలు వచ్చాయి. లాడ్జిలో గది ఖాళీ అవడం, నిండడం గంటల్లోనే. పనిమనుషులు ఇద్దరు రాలేదు. ఆ రోజు నవీన ముప్పై గదులు చేసి, నాలుగున్నరకు ఇల్లు చేరింది. డిస్కు పెట్టి, మంచానికి వీపు ఆనించి కింద కూర్చుంది.

మెలకువ వచ్చేసరికి ఎన్నడూ వినని శబ్దం. ఆడవాళ్ల గొంతులు. తెర మీద గోవిందయ్య మాను మొదట్లో, మట్టిలో కూర్చుని ఉన్నాడు. కిరీటం లేదు. ముఖం మీది రంగు చెమటకో కన్నీళ్లకో చారలు కట్టింది. ఒడిలోని సంచిలో నుంచి ఒక్కో నిమ్మకాయ తీసి, తడిగుడ్డలతో వరుసగా వచ్చే ఆడవాళ్ల కొంగుల్లో వేస్తున్నాడు. వాళ్లు వంగి ఆయన కాళ్లకు మొక్కి పోతున్నారు. ఎవరూ నవ్వడం లేదు. ఒకామె నిమ్మకాయను కళ్లకద్దుకుంది.

నవీన ఉలిక్కిపడి రిమోటు కోసం నేల తడిమింది. “నాయనా, నిద్దరపోయినాను. ఆపేస్తా.”

గోవిందయ్య తల అడ్డంగా ఊపాడు. చెయ్యి దుప్పటి మీద కదలకుండా ఉంది. ఆయన చూస్తున్నాడు.

ఆమె ఆపలేదు. వరుస చాలా పొడుగుంది. కెమెరా మనిషి అందరినీ తీశాడు. చివరి ఆమె వచ్చేసరికి సంచి ఖాళీ అయింది. గోవిందయ్య తన మెడలోని దండ తెంపి, అందులో నుంచి ఒక పువ్వు ఆమె కొంగులో వేశాడు. అక్కడితో డిస్కు అయిపోయింది.

మళ్లీ పెట్టమని ఆయన కొట్టలేదు. నవీన టీవీ కట్టేసి, ఆయన చెంపలు కొంగుతో తుడిచి, అక్కడే నేల మీద చెయ్యి తల కింద పెట్టుకుని ఇంకో గంట పడుకుంది.