భానుశ్రీ భయం

కిరణ్మయి ఆఫీసుకి రాగానే చేసే మొదటి పని గోడ మీది థర్మామీటరు చూసి గది వేడి ఎంతో రాసుకోవడం. గది వేడి తెలియకుండా కూలరు ఎంత చల్లబరిచిందో చెప్పడమంటే తూకంరాయి లేకుండా బియ్యం తూచడమే. నోయిడా సెక్టార్ అరవై మూడులో, మూడో అంతస్తులో, ఒకే ఒక్క కిటికీ ఉన్న గది అది. ఏ కంప్యూటరు సామాను కొనాలో తేల్చుకోలేనివాళ్ళు ముందుగా చదువుకునే ఒక వెబ్‌సైటు కోసం ఆమె అక్కడ ఐదేళ్ళుగా కూలర్లు పరీక్షిస్తోంది.

కూలరంటే ఢిల్లీ ఎండలకి కిటికీలో బిగించుకునే గడ్డి కూలరు కాదు. ఆ మాట ఏలూరులో ఉన్న వాళ్ళమ్మ సుభద్రకి ఎన్నిసార్లు చెప్పినా లాభం లేకపోయింది. ఇది అరచేతిలో పట్టే రాగి పలక. కంప్యూటరు లోపల ప్రాసెసర్ మీద దీన్ని బిగిస్తే, లోపలి ద్రవం వేడిని తాగి, రెండు రబ్బరు ట్యూబుల్లోంచి రేడియేటర్ దాకా మోసుకెళుతుంది. అక్కడ ఫ్యాన్లు దాన్ని బయటికి ఊదేస్తాయి. పంపు, ట్యూబులు, రేడియేటర్ అంతా ఒకే ముక్క. ఫ్యాక్టరీలో సీలు వేసిన ద్రవాన్ని ఎవరూ విప్పి చూసే పని లేదు. కిరణ్మయి ప్రాసెసర్‌కి అరగంట సేపు ఊపిరాడనంత పని పెట్టి, వేడి ఎంత తగ్గిందో, పంపు ఎంత రొద చేసిందో చూసి పదికి ఇన్నని మార్కులు వేస్తుంది.

అది లాగేది ప్రాసెసర్ వేడిని మాత్రమే కాదు. నడుస్తున్నప్పుడు ట్యూబు పట్టుకుని కూర్చున్న మనిషి భయాన్ని కూడా లాగుతుంది. ఆమె నింపే ఫారంలో వేడికొక గడి, చప్పుడుకొక గడి ఉన్నట్టే భయానికీ ఒక గడి ఉంది. ఒక్కో కంపెనీది ఒక్కో తీరుగా లాగుతుంది. నాలుగు మార్కులు వస్తే మంచిదనీ, ఆరు వస్తే చాలా మంచిదనీ లెక్క. ఆ గడి నింపాలంటే భయపడుతున్న మనిషి కావాలి, ఆ ఆఫీసులో అలాంటివాళ్ళకి కొదవ లేదు. కింద గేటు దగ్గరుండే మహిపాల్ కోర్టు వాయిదా ముందు రోజు వచ్చి కూర్చుంటాడు. కేంద్ర ప్రభుత్వంలో అండర్ సెక్రటరీగా రిటైరై, ఇప్పుడు ఇక్కడ ఉత్తరాలు రాసిపెడుతున్న జనార్దనరావు షుగర్ రిపోర్టు తెచ్చుకోబోయే ముందు వచ్చి కూర్చుంటాడు. లాగిన భయం ఫ్యాన్ల గాలితో కిటికీలోంచి బయటికి పోతుంది. ఆ కాసేపూ కింద ఉన్న మహిపాల్‌కి ఊరికే గుండె దడదడలాడుతుంది. "మేడమ్, కూలర్ చలాయా క్యా?" అని పైకి చూసి అరుస్తాడు.

ఎవరైనా సరే పది నిమిషాలే కూర్చోవాలి. జనార్దనరావు పాత అలవాటు కొద్దీ దానికొక సర్క్యులర్ టైపు చేసి గోడకి అంటించాడు: 'పది నిమిషములకు మించరాదు.' దాన్ని ఇంతవరకూ ఎవరూ దాటలేదు.

దాటింది కిరణ్మయే. జూలై నెలాఖరు శనివారం, తన సొంత చెల్లెలి కోసం.

భానుశ్రీ ఢిల్లీలోని ఓల్డ్ రాజిందర్ నగర్‌లో గది అద్దెకి తీసుకుని సివిల్స్‌కి చదువుతోంది. ఇది మూడోసారి. మెయిన్స్ సెప్టెంబరులో ఉంది. చిన్నప్పటి నుంచీ పిరికిదే. గదికి తాళం వేశానా లేదా అని సగం దారిలోంచి వెనక్కి వెళుతుంది. ఆమె చదువుకునే రీడింగ్ రూమ్ ఒక బేస్‌మెంట్‌లో ఉంది. ఆకాశం మూసుకొస్తే చాలు, పుస్తకాలు సంచిలో వేసుకుని పైకొచ్చేస్తుంది. అక్కడివాళ్ళంతా ఆమెని వాతావరణ శాఖ అని ఏడిపిస్తారు. ఈమధ్య ఆ పిరికితనం ముదిరింది. అన్నం ముద్ద గొంతు దిగడం లేదు, మాక్ టెస్టులో చేతిలోంచి పెన్ను జారిపోయింది.

"అక్కా, ప్రశ్న చూడగానే చేతులు వణుకుతున్నాయే. అంతా వచ్చు, రాయలేకపోతున్నా," అని ఫోన్లో ఏడిస్తే, కిరణ్మయి ఆమెని శనివారం ఆఫీసుకి రమ్మంది.

శుక్రవారమే ఒక కొత్త శాంపిల్ వచ్చింది. నల్లగా, మూడు ఫ్యాన్లతో, చేతికి బరువుగా ఉంది. ఆఫీసుకి సెలవు కాబట్టి గదిలో అక్కాచెల్లెళ్ళిద్దరే ఉన్నారు. భానుశ్రీ ట్యూబు పట్టుకుంది. పది నిమిషాలయ్యేసరికి ఆమె ముఖంలో ముడతలు విచ్చుకున్నాయి. ఇక లేవమని చెప్పాలి. కిరణ్మయికి నోరు రాలేదు. మనిషై పుట్టాక చెల్లెలు ఇంత తేలిగ్గా ఊపిరి తీసుకోవడం ఆమె చూడనే లేదు. ఉన్నదంతా పోతే మాత్రం ఏం, పీడా పోతుంది అనుకుంది. పరీక్ష పూర్తయ్యేదాకా, అరగంట, కూర్చోబెట్టింది.

లేచాక భానుశ్రీ నవ్వింది. వీధి చివర బండి దగ్గర రెండు ప్లేట్లు ఛోలే భటూరే తిన్నది. కిరణ్మయి కడుపు నిండిపోయింది. భయం గడిలో పదికి పది వేసింది. ఆ గడిలో పది పడడం అదే మొదటిసారి.

మెట్రోకి వెళ్ళే దారిలో రోడ్డు దాటాలి. కిరణ్మయి ఆగింది. భానుశ్రీ ఆగలేదు. ఫోన్ చూసుకుంటూ అలాగే నడుచుకుంటూ పోయింది. లారీ ఆమె భుజానికి జానెడు దూరంలో కీచుమంటూ ఆగింది. డ్రైవరు తల బయటపెట్టి తిట్టాడు. కిరణ్మయి గుండె గుభేలుమంది. అవతలి గట్టు మీదున్న భానుశ్రీ, "ఆగాడు కదక్కా, ఏమైందిప్పుడు?" అంది.

ఆ క్షణం నుంచి భయమంతా కిరణ్మయిదే అయింది. ఆదివారం నాలుగుసార్లు ఫోన్ చేసింది. తడిచేత్తో ప్లగ్గు లాగితే షాక్ కొట్టిందని భానుశ్రీ నవ్వుతూ చెప్పింది. మేడ మీద పిట్టగోడెక్కి కూర్చుని చదివితే గాలి బాగా వస్తోందని కూడా చెప్పింది. "దిగు, ముందు దిగు!" అని కిరణ్మయి అరిస్తే, "ఎందుకు?" అంది. పొగరు కాదు, వేళాకోళం కాదు. నిజంగానే ఎందుకో తెలియక అడుగుతోంది.

సోమవారం పొద్దుటి నుంచీ ఒకటే వాన. కిరణ్మయి జనార్దనరావు బల్ల ముందు నిలబడి జరిగిందంతా చెప్పింది.

"ఎంతసేపు కూర్చోబెట్టావమ్మా?"

"అరగంట, అంకుల్."

ఆయన కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టాడు. తర్వాత ఇంటర్‌కమ్‌లో మహిపాల్‌ని పిలిచి, శనివారం గుండెదడ వచ్చిందా అని అడిగాడు. శనివారం చాలా హాయిగా గడిచిందని మహిపాల్ చెప్పాడు.

"అంటే అది బయటికి పోలేదమ్మా," అన్నాడు జనార్దనరావు. "ఈ కొత్త సరుకు లాగడం బాగానే లాగుతుంది గానీ వదలదు. మీ చెల్లెలి భయం ఆ సీలు లోపలే ఉంది. దాన్ని ఇచ్చెయ్యి తల్లీ. ఒంట్లో బొత్తిగా భయం లేని మనిషి ఎన్నాళ్ళు బతుకుతుంది చెప్పు?"

శాంపిల్ కంపెనీకి తిరిగి పంపడానికి పెట్టెలో సిద్ధంగా ఉంది. నాలుగింటికి కొరియర్ వస్తాడు. కిరణ్మయి టేపు చింపి, అట్టలు తీసి ట్యూబు పట్టుకుంది. రెండు రోజులుగా కరెంటే లేని వస్తువు, జ్వరం వచ్చిన పిల్ల చెయ్యిలా కాలుతోంది. సన్నగా వణుకుతోంది కూడా.

అప్పుడే ఫోన్ మోగింది. భానుశ్రీ.

"అక్కా, ఇక్కడ భలేగా ఉంది. రీడింగ్ రూమ్‌లోకి నీళ్ళొచ్చాయి. పాదాలు మునిగాయంతే. కుర్చీ మీద కాళ్ళు పెట్టుకుని చదువుతున్నా."

"భానూ, పైకి పో. ఇప్పుడే లే."

"ఎందుకు? ఇంకో చాప్టర్ ఉంది."

"నీకు దణ్ణం పెడతానే, లేవవే!"

"ఠీక్ హై, చాప్టర్ అయ్యాక చూద్దాం," అని పెట్టేసింది. మళ్ళీ చేస్తే ఫోన్ కలవలేదు.

కిరణ్మయి కూలర్‌ని వీపు సంచిలో కుక్కుకుని పరిగెత్తింది. బయట ఒక్క ఆటో కూడా ఆగలేదు. మెట్రోలో సంచి ఎక్స్‌రే చూసిన జవాను, "యే క్యా హై?" అని లోపల చెయ్యి పెట్టి, చటుక్కున వెనక్కి తీసుకున్నాడు. ఆయన ముఖం పాలిపోయింది. "అచ్ఛా, జాయియే, జాయియే," అన్నాడు. రాజేంద్ర ప్లేస్ దాకా గంట ప్రయాణం. సంచి ఒళ్ళో పెట్టుకుంటే ఆ వేడి తొడల్లోకి దిగుతోంది. పక్కనున్నావిడ ఎందుకో తెలియకుండానే తన పిల్లాణ్ణి దగ్గరికి లాక్కుంది. స్టేషన్ వచ్చినప్పుడల్లా తలుపులు తెరుచుకుని, ఇక చాలు అనిపించేదాకా మూసుకునేవి కావు. తను వెళ్ళేసరికి ఏం చూడాల్సి వస్తుందో ఊహించుకోకుండా ఉండాలని కిరణ్మయి స్టేషన్ల పేర్లు పైకే చదువుకుంది. నేనే చేశాను, నా చేతుల్తో నేనే చేశాను అన్న మాట మాత్రం ఆగలేదు.

వీధిలో మోకాలి పైదాకా నీళ్ళు. రీడింగ్ రూమ్ వాకిట్లో అడ్డంగా ఒక ఇనపరేకు నిలబెట్టి, వెనక ఇసక బస్తాలు వేశారు. రేకు లోపలికి ఉబ్బి ఉంది. దాని అంచుల్లోంచి మెట్ల మీదికి నీళ్ళు ధారగా దిగుతున్నాయి. కిరణ్మయి రేకు దాటి, గోడ పట్టుకుని కిందికి దిగింది.

లోపల లైట్లు వెలుగుతున్నాయి. పిక్కల దాకా నీళ్ళు. భానుశ్రీ కాక ఇంకో పదిహేను మంది కుర్చీల మీద బాసింపట్లు వేసుకుని కూర్చుని చదువుకుంటున్నారు! మెట్ల దగ్గరున్న కుర్రాణ్ణి గుర్తుపట్టింది. వరంగల్ నుంచి వచ్చిన గోపీకృష్ణ.

"ఇంకా ఇక్కడే ఉన్నారేంటి?"

"లేస్తే సీటు పోతది గదక్కా. మళ్లా దొరకాల్నంటే నెల పడ్తది," అన్నాడు. "ఇగ భానక్కనే కూసున్నది, మాకేంది భయం? చిన్న చినుకు పడ్తెనే ఉరికే మనిషి ఆమె."

కిరణ్మయికి అప్పుడు తెలిసింది. వీళ్ళంతా ఇన్నాళ్ళూ ఏడిపిస్తూనే భానుశ్రీ మీద కన్నేసి ఉంచారు. ఆమె లేస్తే లేవాలి, కూర్చుంటే కూర్చోవచ్చు. తను చెల్లెలి ఒక్కదాని భయాన్నే లాగేసింది అనుకుంది. లాగింది పదహారు మంది భయాన్ని.

భానుశ్రీ చివరి బల్ల దగ్గర పెన్సిలుతో గీతలు గీసుకుంటోంది. "అరే, అక్కా! తడిసిపోయావే," అంది. కిరణ్మయి ఆమె చెయ్యి లాక్కుంది. మంచుగడ్డలా ఉంది. రాగి పలకని ఆ అరచేతికి అదిమింది. ఏమీ కాలేదు. భానుశ్రీ వింతగా చూస్తోంది. కిరణ్మయి ఇంకా గట్టిగా అదిమింది. అప్పుడు తట్టింది, పలక మీద ప్లాస్టిక్ పొర ఉంది. తిరిగి పంపాలని తనే శనివారం అతికించింది. ఆ పొర తీయకుండానే కూలర్ బిగించి, అది పనిచేయడం లేదని ఉత్తరాలు రాసే అమాయకుల్ని ఐదేళ్ళుగా చూసి నవ్విన మనిషి! తడిసిన గోళ్ళకి అంచు దొరకలేదు. పంటితో పట్టి చింపింది.

ఈసారి రాగి ఒంటికి తగిలింది. వేడి చల్లదనంలోకి పోవడానికి పంపు అక్కర్లేదు. భానుశ్రీ వేళ్ళు ముందు ఎర్రబడ్డాయి, తర్వాత వణికాయి. ఆ వణుకు మోచేతి దాకా, భుజం దాకా పాకింది. ఆమె తలెత్తి మెట్ల వైపు చూసింది. కళ్ళు పెద్దవయ్యాయి.

భానుశ్రీ కేక పెట్టింది. వీధి వీధంతా వినపడేంత కేక.

"లేవండి! అందరూ లేవండి! ఉఠో, సబ్ ఊపర్ చలో!"

ఇంకెవరూ సీటు సంగతి ఎత్తలేదు. కుర్చీలు ఒరిగాయి, పుస్తకాలు నీళ్ళలో పడ్డాయి. మెట్లు ఇరుకు, ఒకరి వెనక ఒకరే ఎక్కాలి. గోపీకృష్ణ పైన నిలబడి ఒక్కొక్కరినే చెయ్యి పట్టి రేకు దాటించాడు. భానుశ్రీ ఏడుస్తూ, వణుకుతూ, తన ముందున్న ప్రతివాళ్ళనీ వీపు మీద తోస్తూనే ఉంది. అందరి కన్నా చివర కిరణ్మయి దాటింది.

వాళ్ళు ఎదుటి జిరాక్స్ షాపు అరుగెక్కుతుండగా రేకు ఒరిగిపోయింది. చప్పుడు పెద్దగా లేదు. వీధిలో నీళ్ళన్నీ ఒక్కసారిగా ఆ వాకిట్లోకి తిరిగాయి, కాసేపటికి కింద లైట్లు ఆరిపోయాయి. అరుగు మీద ఎవరో తలలు లెక్కపెట్టారు. తక్కువయ్యాయేమోనని మళ్ళీ లెక్కపెట్టారు. పదహారు మందీ, పైగా కిరణ్మయీ ఉన్నారు.

భానుశ్రీ అక్క మెడ చుట్టూ చేతులు వేసింది. పళ్ళు టకటకా కొట్టుకుంటున్నాయి.

"అక్కా, నాకు చాలా భయమేస్తోందే."

ఆ మాట వినగానే కిరణ్మయికి ప్రాణం లేచొచ్చింది. చెల్లెలి తల తన భుజానికి అదుముకుని, ఇంతసేపూ ఆపుకున్న ఏడుపంతా ఏడ్చింది.

చాలాసేపటికి భానుశ్రీ మెల్లగా అడిగింది. "మరి సెప్టెంబర్లో పరీక్ష హాల్లో కూడా ఇలాగే వణుకొస్తే?"

కిరణ్మయి ఆమె ముఖం మీది వాన నీళ్ళు తన చున్నీతో తుడిచింది.

"వణుకుతూనే రాద్దువుగాని," అంది.